పందెం ఎరుగని పందెపు కారు: ఫెరారీ ఎఫ్‌ఎక్స్‌ఎక్స్ కె - రేసింగ్ వీడియోగేమ్‌లలో దాని చిత్రణ - చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఫెరారీ సంస్థ 2014 డిసెంబరులో వెలువరించిన ఎఫ్‌ఎక్స్‌ఎక్స్ కె అనే హైబ్రిడ్ హైపర్‌కారుకు రహదారి మీద తిరిగే అనుమతి లేదు. అధికారిక పోటీలలో పాల్గొనే అర్హత కూడా లేదు. కొద్దిమంది యజమానులు, సంస్థ ఏర్పాటు చేసిన రోజులలో, రేస్ సర్క్యూట్ల మీద మాత్రమే నడిపే ఈ వాహనం లోకానికి పరిచయమైనది ప్రధానంగా వీడియోగేమ్‌ల ద్వారానే. ఆ చిత్రణ ఏ మేరకు చారిత్రక ఆధారంగా నిలుస్తుంది, దానిలో ఏది మిగిలింది, ఏది జారిపోయింది, ఆ ఆధారానికి ఆయుష్షు ఎంత అనే ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: హైపర్‌కారు, హైబ్రిడ్ సాంకేతికత, వీడియోగేమ్, సిమ్యులేషన్, లైసెన్సు, డిజిటల్ భాండాగారం, ప్రశస్తి.

1. ఉపోద్ఘాతం:

ఒక కావ్యం అలభ్యమై, లక్షణగ్రంథాలలో ఉదాహరణగా ఇచ్చిన నాలుగు పద్యాలు మాత్రమే మిగిలినప్పుడు సాహిత్య చరిత్రకారుడు ఆ నాలుగు పద్యాలతోనే కవి శైలిని, కాలాన్ని, కథావస్తువును ఊహించవలసి వస్తుంది. ఆ పద్యాలను ఎంచినవాడు కవి కాదు, లాక్షణికుడు. యతిభేదానికో ప్రాసభేదానికో పనికివచ్చిన పద్యమే మిగులుతుంది. కావ్యానికి ప్రాణప్రదమైన పద్యం మిగలకపోవచ్చు. యంత్రాల చరిత్రలో ఇటువంటి స్థితి అరుదు. కారు వస్తువు గనుక ఎక్కడో ఒకచోట, ఎవరి కొట్టంలోనో, ప్రదర్శనశాలలోనో నిలిచి ఉంటుంది. అయితే వస్తువు నిలిచి ఉండటం వేరు, దాని నడక తెలియటం వేరు. ఎఫ్‌ఎక్స్‌ఎక్స్ కె విషయంలో వస్తువు భద్రంగానే ఉంది. దాని నడక మాత్రం కొన్ని పదుల మందికే అనుభవం. మిగిలిన లోకానికి అందినది ఉదాహరణ పద్యం వంటి ఆట రూపమే.

2. ఎక్స్‌ఎక్స్ కార్యక్రమం:

ఈ వాహన పరంపర 2005లో మొదలైంది. ఎంజో ఫెరారీ కారు ఆధారంగా రూపొందిన ఎఫ్‌ఎక్స్‌ఎక్స్‌ను సంస్థ తాను ఎంపిక చేసుకున్న కొనుగోలుదారులకు మాత్రమే అమ్మింది. 2009లో 599ఎక్స్‌ఎక్స్, 2014లో ఎఫ్‌ఎక్స్‌ఎక్స్ కె, 2017లో దాని ‘ఎవో’ రూపం వచ్చాయి. కొనుగోలుదారులను సంస్థ ‘క్లయింట్ టెస్ట్ డ్రైవర్లు’ అని వ్యవహరించింది. ఈ పేరులోనే కార్యక్రమ స్వభావం ఉంది. డబ్బు చెల్లించినవాడే పరీక్షకుడు కూడా. వాహనం నడిచినంతసేపూ అందులోని పరికరాలు నమోదు చేసిన సమాచారం సంస్థ ఇంజనీర్లకు చేరుతుంది. భవిష్యత్తులో తయారయ్యే కార్లకు అది ముడిసరుకు. ఇంతటి అనుకూలమైన వ్యాపార సూత్రం మరొక పరిశ్రమలో కనిపించటం కష్టం.

పేరుకు యజమాని ఉన్నా, వాహనాన్ని ఎప్పుడు, ఎక్కడ నడపాలన్నది చాలా వరకు సంస్థ నిర్ణయించే క్యాలెండరు మీద ఆధారపడుతుంది. ఎఫ్‌ఎక్స్‌ఎక్స్ శ్రేణిలోని ఒక నల్లని కారు మైకేల్ షూమాకర్‌ది. దానిని 2009లో బ్రిటిష్ టెలివిజన్ కార్యక్రమం ‘టాప్ గేర్’లో ఆయనే నడపటం ఆ శ్రేణికి దక్కిన అరుదైన బహిరంగ దర్శనాలలో ఒకటి.

ఇదే కాలంలో మెక్‌లారెన్ సంస్థ పి1 జీటీఆర్‌ను ఇటువంటి పద్ధతిలోనే అమ్మింది. 2015లో దాని ధర 19.8 లక్షల పౌండ్లు. ఆ ధరలో కారుతో పాటు డ్రైవరు శిక్షణ కూడా కలిసి ఉంది. ఆ శిక్షణలో సిమ్యులేటరు ఒక భాగం. ఈ చిన్న వివరం ముఖ్యమైనది. వాహనాన్ని నిజంగా కొన్నవాడు సైతం మొదట తెర ముందు కూర్చొని దానిని నేర్చుకున్నాడు. ‘అసలు అనుభవం’, ‘ఆట అనుభవం’ అనే విభజన ఈ వాహనాల విషయంలో మొదటినుంచీ అంత స్పష్టంగా లేదు.

3. ‘కె’ అక్షరం వెనుక:

ఎఫ్‌ఎక్స్‌ఎక్స్ కె పేరులోని చివరి అక్షరం ‘కెర్స్’కు సంకేతం. బ్రేకు వేసినప్పుడు వృథా అయ్యే గతిజశక్తిని విద్యుత్తుగా మార్చి, నిల్వచేసి, అవసరమైనప్పుడు తిరిగి చక్రాలకు అందించే వ్యవస్థ అది. ఫార్ములా వన్ పోటీలలో దీనిని 2009లో అనుమతించారు. అప్పటి నియమాల ప్రకారం గరిష్ఠ శక్తి 60 కిలోవాట్లు. ఒక్కొక్క చుట్టులో వాడుకోదగినది 400 కిలోజూళ్లు. అంటే చుట్టుకు ఆరున్నర సెకండ్లకు కాస్త మించి.

ఆ ఆరున్నర సెకండ్ల విలువ ఏమిటో 2009 ఆగస్టులో బెల్జియంలోని స్పా సర్క్యూట్‌లో తెలిసింది. పోల్ స్థానం నుంచి బయలుదేరినది భారతీయ యాజమాన్యంలోని ఫోర్స్ ఇండియా జట్టు కారు; నడిపినవాడు జాంకార్లో ఫిసికెల్లా. ఆ కారులో కెర్స్ లేదు. సేఫ్టీ కారు తప్పుకొని పోటీ తిరిగి మొదలవగానే, ఫెరారీలో ఉన్న కిమీ రైకోనెన్ ఎగువ దారి మీద బొత్తాము నొక్కి ముందుకు వెళ్లాడు. చివరిదాకా ఫిసికెల్లా వెన్నంటి వచ్చినా ఆ స్థానం తిరిగి దక్కలేదు. ఆ సంవత్సరం ఫెరారీకి దక్కిన ఏకైక విజయం అది. భారతీయ జట్టుకు అందబోయి తప్పిన విజయం కూడా అదే.

ఈ సాంకేతికత 2013లో లాఫెరారీ ద్వారా రహదారి కారులోకి దిగింది. అందులో 800 హార్స్‌పవర్ల వి12 ఇంజను, 163 హార్స్‌పవర్ల విద్యుత్ మోటారు కలిసి 963 హార్స్‌పవర్లను ఇచ్చేవి. ఎఫ్‌ఎక్స్‌ఎక్స్ కె దాని నుంచి పుట్టింది. 6,262 ఘన సెంటీమీటర్ల ఇంజను 860 హార్స్‌పవర్లకు, మోటారు 190కి పెరిగి మొత్తం 1,050 అయింది. శబ్ద నియమాలు, కాలుష్య నియమాలు, పోటీ నియమాలు అన్నీ తొలగిన చోట ఇంజనీరు ఏమి చేయగలడో చూపటమే దాని ఉద్దేశం.

అంకెల కంటే ముఖ్యమైనది మరొకటి. సీటు పక్కన, మధ్య భాగంలో ఉన్న మీటకు నాలుగు స్థానాలు ఉన్నాయి. ‘క్వాలిఫై’లో కొద్ది చుట్ల పాటు పూర్తి సామర్థ్యం లభిస్తుంది. ‘లాంగ్ రన్’లో సామర్థ్యం కాస్త తగ్గి నిలకడగా సాగుతుంది. ‘మాన్యువల్ బూస్ట్’ తక్షణ టార్క్‌ను ఇస్తుంది. ‘ఫాస్ట్ ఛార్జ్’ బ్యాటరీని త్వరగా నింపుతుంది. అంటే డ్రైవరు వేగాన్ని మాత్రమే కాక పొదుపును కూడా నడపాలి. ఏ మలుపులో కూడబెట్టాలి, ఏ నిడుపాటి దారిలో ఖర్చు పెట్టాలి అన్నది చుట్టు చుట్టుకూ తేల్చుకోవలసిన లెక్క. వెయ్యి హార్స్‌పవర్ల కారును ఇతర కార్ల నుంచి వేరు చేసేది బలం కాదు, ఈ లెక్కే. ఆట చిత్రణను అంచనా వేయటానికి ఇదే తగిన గీటురాయి.

4. రెండు ఆటలు:

ఇటలీకి చెందిన కునోస్ సిములాజియోనీ సంస్థ రూపొందించిన ‘అసెట్టో కోర్సా’ పూర్తి రూపంలో విడుదలైనది 2014 డిసెంబరులోనే. అబుధాబిలోని యాస్ మరీనా సర్క్యూట్‌లో ఎఫ్‌ఎక్స్‌ఎక్స్ కె తొలి దర్శనమిచ్చిన నెల కూడా అదే. ఇది కాకతాళీయమే అయినా, ఆ రెండు సంస్థల పరిచయం కాకతాళీయం కాదు. 2010లో ఫెరారీ కోసం ‘ఫెరారీ వర్చువల్ అకాడమీ’ని తయారుచేసింది కునోసే. అందులో ఆనాటి ఫార్ములా వన్ కారును, ఫెరారీ సొంత పరీక్షా సర్క్యూట్ ఫియొరానోను కంప్యూటరులోకి తెచ్చారు.

అసెట్టో కోర్సాలో ఎఫ్‌ఎక్స్‌ఎక్స్ కె కొంతకాలానికి చేరింది. ఈ ఆట పద్ధతి శాస్త్రగ్రంథ పద్ధతి. టైరు వేడెక్కుతుంది, అరుగుతుంది. ఇంధనం తగ్గినకొద్దీ బరువు తగ్గుతుంది. హైబ్రిడ్ వాహనంలో బ్యాటరీ నిండటం, తరగటం ఆటగాడి కంటికి కనిపిస్తుంది. లాఫెరారీ, మెక్‌లారెన్ పి1, పోర్షె 918 స్పైడర్‌లను కూడా ఇదే ఆటలో పక్కపక్కన నడిపి చూడవచ్చు గనుక, ఆ తరపు హైబ్రిడ్ కార్లు ఒకే సమస్యకు చెప్పిన వేర్వేరు సమాధానాలు ఏమిటో సామాన్యుడు సైతం చేతితో తెలుసుకోగలడు. ఏ గ్రంథాలయమూ ఇవ్వలేని అవకాశం ఇది. అయితే ఒక వింత ఉంది. ఎఫ్‌ఎక్స్‌ఎక్స్ కె పుట్టిల్లయిన ఫియొరానో అసెట్టో కోర్సా అధికారిక సర్క్యూట్ల జాబితాలో లేదు. ముగెల్లో ఉంది, ఈమొలా ఉంది, మోంజా ఉంది. కారు పరీక్షకు నిలిచిన ఆ చిన్న దారి లేదు.

‘ఫోర్జా హొరైజన్ 4’ మరొక లోకం. 2018లో వచ్చిన ఈ ఆటకు కల్పిత బ్రిటన్ రంగస్థలం. వారానికొక ఋతువు మారుతుంది. పల్లెదారులు, రాతిగోడలు, గొర్రెల మందలు, ఎడిన్‌బరో వీధులు ఉంటాయి. అక్కడ ఎఫ్‌ఎక్స్‌ఎక్స్ కె మంచులో తిరుగుతుంది, పొలాలకు అడ్డంపడి పోతుంది, ఎదురుగా వచ్చే మామూలు కార్లను తప్పించుకుంటుంది. వాస్తవంలో దానికి నంబరు పలక కూడా లేదు. రహదారి మీదికి రాకూడదన్నదే దాని జన్మ లక్షణం. ఆట మొదట చెరిపేసినది ఆ లక్షణాన్నే. బ్యాటరీ లెక్క కూడా ఇక్కడ లేదు. విద్యుత్ మోటారు శక్తి మొత్తం శక్తిలో కలిసిపోయి ఒకే అంకె అయింది. కూడబెట్టవలసిన అవసరం లేదు, తరిగిపోతుందన్న భయం లేదు. ఎఫ్‌ఎక్స్‌ఎక్స్ కె పేరులోని ‘కె’ ఈ ఆటలో అర్థం లేని అక్షరం.

అంతమాత్రాన మొదటిది సత్యం, రెండవది అసత్యం అని తీర్పు చెప్పటం తొందరపాటు అవుతుంది. సిమ్యులేషన్ ఆట కూడా డ్రైవరు మెడ మీద పడే బరువును, క్యాబిన్ వేడిని, కోట్లు విలువ చేసే వస్తువును గోడకు కొట్టవచ్చునన్న భయాన్ని ఇవ్వలేదు. ఎవో రూపం గంటకు 200 కిలోమీటర్ల వేగంలో 640 కిలోల గాలి ఒత్తిడితో నేలను అదుముకొని ఉంటుందని సంస్థ ప్రకటించింది. ఆ మేరకు ఎక్కువ వేగంతో మలుపు తిరగవచ్చు. శరీరం మీద భారం కూడా ఆ మేరకే పెరుగుతుంది. కుర్చీలో కూర్చున్న ఆటగాడికి మొదటి సగమే దక్కుతుంది. మరోవైపు హొరైజన్ చెప్పేది వేరొక సత్యం. ఈ కారును కోరుకున్నవారి ఊహలో అది ఎక్కడ తిరిగిందో ఆ ఆట నమోదు చేసింది. కోరిక చరిత్ర కూడా చరిత్రే.

ఆటలలో ‘నైట్రో’ బొత్తాము చాలా పాత సంప్రదాయం. 2003 నాటి ‘నీడ్ ఫర్ స్పీడ్: అండర్‌గ్రౌండ్’ దానికి విశేష ప్రాచుర్యం తెచ్చింది. నొక్కితే కొద్ది క్షణాల అదనపు వేగం, తరువాత నింపుకోవాలి. 2009లో నిజమైన ఫార్ములా వన్ కారు స్టీరింగు మీదికి అచ్చంగా అటువంటి బొత్తామే వచ్చింది. ‘మాన్యువల్ బూస్ట్’ దానికి తమ్ముడు. వాస్తవం ఆటను అనుకరించిందని చెప్పటానికి ఆధారం లేదు, చెప్పకూడదు. కానీ కోడ్‌మాస్టర్స్ వారి ‘ఎఫ్1 2011’ ఆటలో కెర్స్ ప్రవేశించేనాటికి ఆటగాళ్లకు దానిని కొత్తగా నేర్పవలసినంత పని లేకపోయింది. వారి వేలు అప్పటికే ఆ బొత్తాముకు అలవాటుపడి ఉంది.

5. ప్రశస్తి లక్షణం:

శాసనాలలోని ప్రశస్తి భాగాన్ని చరిత్రకారులు ఎలా చదువుతారో లైసెన్సు పొందిన ఆటను కూడా అలాగే చదవాలి. ప్రశస్తిలో రాజు ఓడిపోడు. ఆటలో లైసెన్సు పొందిన కారు ముక్కలైపోదు. తమ వాహనాలు తుక్కుగా మారటాన్ని చూపించటానికి తయారీ సంస్థలు సాధారణంగా ఇష్టపడవు; ఆటల రూపకర్తలు ఆ ఇష్టానికి లోబడి గీతలు, సొట్టల దగ్గర ఆగుతారు. విధ్వంసాన్నే ప్రధాన రసంగా స్వీకరించిన ‘బర్నౌట్ ప్యారడైజ్’ 2008లో కల్పిత కార్లను వాడుకుంది. నలగగొట్టే స్వేచ్ఛ కావాలంటే నిజమైన పేరును వదులుకోవాలి. నిజమైన పేరు కావాలంటే నలగగొట్టే స్వేచ్ఛను వదులుకోవాలి.

ఈ ఒప్పందం వల్ల జారిపోయేది ప్రమాదాల దృశ్యం ఒక్కటే కాదు. టైర్ల ఖర్చు, వెంట ఉండే మెకానిక్కుల బృందం, సర్క్యూట్‌కు వాహనాన్ని చేరవేసే ఏర్పాట్లు, డేటా ఎవరి ఆస్తి అన్న ప్రశ్న, ఇవేవీ ఆటలో లేవు. ఎక్స్‌ఎక్స్ కార్యక్రమంలో అసలు విశేషం యాజమాన్యపు వింత స్వరూపం. కొన్నవాడు పూర్తిగా యజమాని కాడు. ఆటలో మాత్రం క్రెడిట్లు చెల్లించగానే కారు గ్యారేజీలోకి వచ్చేస్తుంది, ఎప్పుడు పడితే అప్పుడు నడపవచ్చు. కోట్లు చెల్లించినవాడికి లేని స్వేచ్ఛ ఆటగాడికి ఉంది.

ప్రశస్తిని చెక్కిన శిల్పి పేరు కొన్ని శాసనాలలో చివరి పంక్తిలోనైనా కనిపిస్తుంది. ఆటల విషయంలో ఆ పంక్తిని వెతికేవారు తక్కువ. ఫోర్జా శ్రేణికి వాహనాల త్రిమితీయ నమూనాలను తయారుచేసిన సంస్థలలో బెంగళూరుకు చెందిన ధ్రువ ఇంటరాక్టివ్ ఒకటి. ఐరోపా విలాస వాహనాల ఒంపులను, లోపలి కుట్టుపనిని, బొత్తాముల మీది అక్షరాలను పంక్తి పంక్తిగా తెరకెక్కించిన శ్రమలో కొంత భారతదేశంలో జరిగింది. హైపర్‌కారు చరిత్ర రాసినప్పుడు మారనెల్లో, వోకింగ్ పట్టణాల పేర్లు రావటం సహజం. దాని ఆట రూపపు చరిత్ర రాసినప్పుడు బెంగళూరు పేరు కూడా రావాలి.

6. లైసెన్సు గడువు:

ఫెరారీకీ వీడియోగేమ్‌లకూ ఉన్న సంబంధం అనుమతి లేకుండానే మొదలైంది. 1986లో సెగా సంస్థ తెచ్చిన ‘ఔట్‌రన్’లోని ఎర్ర కారు టెస్టరోసా పోలికలతో ఉన్నా, దానికి లైసెన్సు లేదు. 1999లో అదే సంస్థ ‘ఎఫ్355 ఛాలెంజ్’ను లైసెన్సుతో తెచ్చింది. రెంటినీ నడిపించిన రూపకర్త యు సుజుకీ. అనుమతి రావటంతో నమూనాకు నిశితత్వం వచ్చింది. దానితో పాటే గడువు కూడా వచ్చింది. 2009 నాటి ‘ఔట్‌రన్ ఆన్‌లైన్ ఆర్కేడ్’ ఫెరారీ లైసెన్సు గడువు తీరటంతో కొద్ది సంవత్సరాలలోనే అమ్మకం నుంచి తొలగిపోయింది. లైసెన్సు లేని 1986 నాటి ఆటకు రాని కష్టం, లైసెన్సు ఉన్న ఆటకు వచ్చింది.

ఇది ఒక్క ఆట కథ కాదు. ‘ఫోర్జా మోటార్‌స్పోర్ట్ 7’ 2021 సెప్టెంబరులో, ‘ప్రాజెక్ట్ కార్స్ 2’ 2022లో, ‘ఫోర్జా హొరైజన్ 4’ 2024 డిసెంబరు 15న అమ్మకం నుంచి వైదొలగాయి. అప్పటికే కొన్నవారు ఆడుకోవచ్చు. కొత్తగా కావాలనుకున్న విద్యార్థికి, పరిశోధకునికి డిజిటల్ దుకాణంలో ద్వారం మూసుకుపోయింది. ‘ది క్రూ’ విషయంలో ఇంకొక అడుగు పడింది. 2024 మార్చి 31న సర్వర్లు ఆగిపోవటంతో డబ్బు పెట్టి కొన్నవారికి కూడా ఆట లేకుండాపోయింది. దీనికి ప్రతిస్పందనగా ఐరోపాలో మొదలైన ‘స్టాప్ కిల్లింగ్ గేమ్స్’ ఉద్యమం 2025 జులైలో పది లక్షల సంతకాలను దాటింది.

అచ్చుపుస్తకానికి అలవాటుపడిన పరిశోధకునికి ఈ పరిస్థితి తీవ్రత వెంటనే తట్టకపోవచ్చు. ఒక పుస్తకం పునర్ముద్రణకు నోచుకోకపోయినా గ్రంథాలయంలోని ప్రతి ఉంటుంది. ఒప్పందం ముగిసిందని ప్రచురణకర్త వచ్చి బీరువాలోని ప్రతిని పట్టుకుపోడు. తాటాకును పురుగు తింటుంది, చెద పడుతుంది. అయినా తీగ విప్పి చదవటానికి ఎవరి సర్వరూ పనిచేయనవసరం లేదు. ఆటల భాండాగారానికి మాత్రం తాళంచెవి ఇద్దరి దగ్గర ఉంది. ఆట నిర్మాత ఒకరు, కారు తయారీదారు మరొకరు. ఇద్దరిలో ఎవరికీ పరిశోధకుని పట్ల బాధ్యత లేదు. కంప్యూటరు మీద నడిచే అసెట్టో కోర్సాకు ఔత్సాహికులు తయారుచేసిన మార్పులు, చేర్పులు చాలా కాలంగా తోడు నిలవటం ఇక్కడ కొంత ఊరట. లేఖకులు ప్రతులు తీసుకుంటూ పోయినందువల్ల మిగిలిన కావ్యాల వలె, ఆ ఆట అనేక చేతుల మీదుగా బతుకుతున్నది. ఆ ప్రతులలో పాఠభేదాలు ఉండటం, ఏది మూలమో ఏది ప్రక్షిప్తమో తేల్చవలసి రావటం తెలుగు పరిష్కర్తలకు కొత్త విషయం కాదు.

7. ఎదురు ప్రయాణం:

ఇంతవరకు కారు ముందు, ఆట తరువాత. 2013లో గ్రాన్ టురిస్మో శ్రేణి ‘విజన్ గ్రాన్ టురిస్మో’ పేరుతో తయారీ సంస్థలను ఆట కోసమే కొత్త కార్లను ఊహించమని ఆహ్వానించింది. మెక్‌లారెన్ 2017లో ‘గ్రాన్ టురిస్మో స్పోర్ట్’ కోసం ఊహించిన ఒంటి సీటు కారు హైబ్రిడ్. అయిదేళ్ల తరువాత, 2022 ఆగస్టులో, దాని ఆధారంగా నిజమైన సర్క్యూట్ కారు సోలస్ జీటీ వచ్చింది. 25 కార్లు మాత్రమే. రూపం చాలా వరకు ఆటలోనిదే. కానీ ఇంజను మారింది. హైబ్రిడ్ వ్యవస్థను వదిలి సహజంగా గాలి పీల్చే 5.2 లీటర్ల వి10ను అమర్చారు. కల్పనలో ఉన్న విద్యుత్తు వాస్తవంలో రాలిపోయింది. తేలికదనమే ధ్యేయమైన చోట బ్యాటరీ బరువు అడ్డు. కాగితం మీద బరువు లేని వస్తువు నేల మీద బరువవుతుంది.

ఫెరారీ 2022 నవంబరులో తన విజన్ గ్రాన్ టురిస్మో కారును వెలువరించింది. మూడు లీటర్ల వి6 ఇంజనుకు 1,030, మూడు విద్యుత్ మోటార్లకు 326 హార్స్‌పవర్లు. ఎఫ్‌ఎక్స్‌ఎక్స్ కె కంటే 300కు పైగా ఎక్కువ. దీనికి కొనుగోలుదారులు లేరు, క్లయింట్ టెస్ట్ డ్రైవర్లు లేరు. చూడటానికి ఒక పూర్తి పరిమాణపు నమూనా ఉంది. నడపాలంటే ‘గ్రాన్ టురిస్మో 7’ ఆట ఒక్కటే మార్గం. ఆ ఆటలో అధిక భాగానికి ఎడతెగని ఇంటర్నెట్ సంబంధం అవసరం. ఆ కారు రావటానికి ఎనిమిది నెలల ముందు, 2022 మార్చిలో, సర్వర్ల మరమ్మతు అనుకున్నదానికంటే పొడిగిపోవటంతో ఆట ఒక రోజుకు మించి దాదాపు పూర్తిగా నిలిచిపోయింది. ఆ వ్యవధిలో గ్యారేజీలలోని కార్లు చాలా వరకు కదలలేదు.